సంఘ భవనమున ఏది ఎక్కడ నుండవలెను?

కొన్ని మాసములుగా ఝరాసంగము మండల గ్రామములలో మేము తిరుగునప్పుడు సభ్యులు మమ్ము అడుగు ప్రశ్నలలో ఒకటి పంటలకు సంబంధించినది కాదు. "సారూ, సంఘానికి సడక్ పక్కన జాగ ఉన్నది. ముంగట దుకాణాలు, ఎనుక గోదాం, మీద మీటింగు హాలు ఏసుకుందామనుకుంటున్నం. ఎట్ల కడితే మంచిది?" అని అడుగుచున్నారు. మేము ఇంజనీర్లము కాము. కాని గింజను, విత్తనమును, ఎరువును దాచిన భవనములను ఇరువది ఏండ్లుగా లోపల దూరి చూచుచున్నవారము. పటము గీయుట ఇంజనీరు పని. ఏ గది ప్రక్కన ఏ గది ఉండరాదో ముందుగా ఆయనకు చెప్పవలసినవాడు మాత్రము రైతే.

ఈ ప్రశ్న ఇప్పుడు పుట్టుటకు కారణము కలదు. ఒకప్పుడు ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘమనగా అప్పుల పుస్తకము, ఒక గుమాస్తా, ఒక ఇనుప బీరువా. 2023లో కేంద్ర సహకార మంత్రిత్వ శాఖవారు ఆదర్శ నియమావళిని పంపి, సంఘములు 25కు పైబడిన వ్యాపారములను చేయవచ్చునని తెలిపిరి. గోదాము, ఎరువులు, వంటగ్యాసు, జన ఔషధి మందుల కొట్టు మొదలగునవన్నియు అందులో చేరినవి. వ్యాపారములు పెరిగిన కొలది గదులు కావలెను. గదులన్నియు ఒకే కప్పు క్రింద నుండిన ఖర్చు తగ్గునని అందరికిని తోచును. మాకును ఒకప్పుడు అట్లే తోచినది.

ఆ సంగతి చెప్పక తప్పదు. కొన్ని ఏండ్ల క్రిందట ఒక గ్రామ సంఘమువారు తమ భవనపు పటమును మాకు చూపిరి. ముందు రెండు దుకాణములు, వెనుక గోదాము, నడుమ మేడమెట్లు. మెట్ల క్రింద మిగిలిన జాగాకు తలుపు పెట్టి పురుగుమందుల డబ్బాలకు కేటాయించిరి. "జాగా ఒక్క అడుగు కూడ వృథా కాలేదు, చాల బాగున్నది" అని మేమే మెచ్చుకొంటిమి. రెండవ వానకాలమున ఒక డబ్బా అడుగు త్రుప్పుపట్టి కారినది. మెట్ల క్రింది గచ్చు వెనుకకు వాలియుండెను గనుక, మందు తలుపు సందున గోదాములోనికి ప్రాకి జొన్న బస్తాల అడుగు వరుసను తడిపెను. రెండు దినములవరకు ఎవరును గమనింపలేదు. ఆలోగా ఒక సభ్యుడు ఒక బస్తాను ఇంటికి తీసికొనిపోయెను. ఆ సాయంకాలము మేమును, కార్యదర్శియు మోటారుసైకిలుపై అతని ఇంటికి పరుగెత్తితిమి. మేము పోవువేళకు ఆయన భార్య జొన్నలను చేటలో పోసి చెరుగుచుండెను. రాలిన నూకలను తిన్న మేక మరునాటి ఉదయమునకు చచ్చినది. ఆ ఇంట పసిపిల్లలు ఇద్దరుండిరి. తడిసిన బస్తాలన్నిటిని గోతిలో పూడ్చిపెట్టితిమి. ఆ మెట్లను తలచుకొనిన నేటికిని మాకు నిద్ర పట్టదు.

తరువాత మేము నియమములను తెరచి చదివితిమి. ముందే చదువవలసినది. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమములలో ఈ సంగతి స్పష్టముగా నున్నది. మనుష్యులు గాని పశువులు గాని తిను పదార్థములు తయారగు, నిలువయుండు లేక అమ్మబడు భవనములో క్రిమిసంహారక మందులను నిలువచేయరాదు, అమ్మరాదు. ఇంటి వాడుకకై ముద్రవేసి అమ్ము దోమల మందు వంటివానికి మాత్రము మినహాయింపు కలదు. నియమము "గది" అనలేదు, "భవనము" అన్నది. కావున నడుమ గోడ పెట్టితిమి, తాళము వేసితిమి అనుట చాలదు. క్రింద కిరాణా కొట్టు గాని, చౌకధరల బియ్యము గాని, పశువుల దాణా గాని ఉన్న భవనములో పురుగుమందుల కొట్టు పెట్టినచో సంఘము తెలియకయే తప్పుచేసినదగును.

మన పొరుగుననే ఉన్న బీదరులో మహమూదు గవాను 1472లో కట్టించిన మదరసాను మీలో చాలమంది చూచియుందురు. చదువుకొరకు కట్టిన మూడంతస్తుల మేడ అది. ముందుభాగమున రంగు పెంకులు నేటికిని మెరయుచున్నవి. ఒక ప్రక్క మాత్రము చీల్చివేసినట్లు ఖాళీగా నుండును. 17వ శతాబ్దము చివర మొగలు సైన్యము దానిని వాడుకొనుచు తుపాకిమందును నిలువచేయగా, ఆ మందు పేలి భవనము కూలినది. కట్టినవాని తప్పు ఏమియు లేదు. తరువాతివారు లోపల ఏమి పెట్టిరో దానివలన చెడినది. సంఘ భవనమును మనము ఏబది ఏండ్లకు కట్టుదుము. కార్యదర్శులు మాత్రము మారుచుందురు. నియమము గోడలోనే యుండవలెను, కార్యదర్శి జ్ఞాపకములో కాదు.

అందుచేత మీరు ఒక భవనమును అడుగగా మేము మూడింటిని చెప్పుచున్నాము. మూడును చిన్నవే. రోడ్డు వెంబడి 70 అడుగుల వెడల్పు, లోనికి 120 అడుగుల పొడవు గల జాగా ఉన్నదనుకొందము. ముందుభాగమున ఒక ప్రక్కగా 20 అడుగుల దారిని ట్రాక్టరుకై విడువవలెను. మిగిలిన వెడల్పులో దుకాణముల భవనము. దాని వెనుక 40 అడుగుల బయలు. బయలు దాటినపిమ్మట గోదాము. వెనుక మూలలో, గోదామునకు తగులకుండ, మందుల చిన్న ఇల్లు. మన వానకాలపు గాలులు ఎక్కువగా పడమటినుండి వీచును గనుక ఆ ఇల్లు తూర్పు మూలన ఉండుట మేలు. బావి గాని బోరు గాని ఉన్నచో దానికి ఎగువన మందుల ఇంటిని కట్టనే కూడదు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు చాలును. కిటికీలు పైన, జాలీతో. గచ్చు వాలు ఒక మూలకు, ఆ మూలలో చిన్న గుంట. కారినది అక్కడనే ఆగవలెను, బయటికి పోరాదు. తలుపునకు రెండు అంగుళముల గడప. తాళము.

గోదామును గురించి అందరును "ఎన్ని టన్నులు పట్టును?" అని అడుగుదురు. ఇంజనీరును అడుగనక్కరలేదు, మీరే లెక్కింపవచ్చును. 50 కిలోల సంచిని పరచినచో ఇంచుమించు 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అనగా 6 చదరపు అడుగులను ఆక్రమించును. 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల గోదాములో గోడలనుండి అన్ని ప్రక్కల రెండున్నర అడుగులు విడువవలెను. గోడకు ఆనించిన బస్తా గోడ చెమ్మను పీల్చును. ఎలుక ఎక్కడ తిరుగుచున్నదో కనబడదు. నడుమ తలుపునకు ఎదురుగా 5 అడుగుల నడవ. అంతట మిగులునది 25 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల రెండు దొంతుల స్థలము, మొత్తము 750 చదరపు అడుగులు. అనగా 125 సంచుల జాగా. పది వరుసలు పేర్చినచో 1,250 సంచులు, 62 టన్నుల పైచిల్లర. బయట కొలిచిన 1,200 చదరపు అడుగులలో మూడవవంతుకంటె ఎక్కువ ఖాళీగానే ఉండును. ఆ ఖాళీని చూచి ఓర్వలేక నింపివేయుదురు. నింపినవారి గోదాములలోనే పురుగును చూచితిమి.

ఎరువులను కూడ అక్కడనే పెట్టవలసివచ్చినచో కప్పు అంటువరకు అడ్డుగోడయు, వేరు తలుపును ఉండవలెను. టన్నుల లెక్క ఆ మేరకు తగ్గును. యూరియా గాలిలోని చెమ్మను లాగుకొని గడ్డకట్టును. ఎరువుల ఉప్పు ఇనుపకడ్డీలను, సిమెంటును తినును. విత్తనముల సంగతి మరింత సున్నితము. హారింగ్టను అను అమెరికా శాస్త్రజ్ఞుని లెక్క ప్రకారము, గింజలోని తేమ నూటికి ఒక వంతు తగ్గిన కొలదియు విత్తనపు ఆయువు ఇంచుమించు రెట్టింపగును. గది వేడి 5 డిగ్రీలు తగ్గినను అట్లే. ఇది మన ఆడవారికి క్రొత్త కాదు. 1983లో ఏర్పడిన దక్కను డెవలప్‌మెంటు సొసైటీ మహిళా సంఘములలో విత్తనములను బూడిదయు వేపాకును కలిపి, బుట్టలకు మట్టి మెత్తి, ఇంటిలో చల్లని మూలన పెట్టుట ఎరిగినవారున్నారు. 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటరు బహుమతి వచ్చినది. ఆ "చల్లని మూల" సంఘ భవనములో ఏదియని అడిగిన, మేము ఉత్తరపు ప్రక్కను, పైన మేడ గల గదిని చూపుదుము. మేడమీది గది గొడుగువలె ఎండను ఆపును. నేరుగా కప్పు క్రింద, పడమటి గోడ ప్రక్కన విత్తనములు పెట్టినచో చైత్ర వైశాఖములలో అవి ఉడుకును.

ఎండ విషయమున ఒక మాట. మనము 17 డిగ్రీలు దాటిన అక్షాంశమున నున్నాము. మే మధ్యనుండి జులై చివరివరకు మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరముగా నుండును. మిగిలిన కాలము దక్షిణముగా. ఈ రెండు దిక్కుల ఎండను రెండడుగుల సజ్జ ఆపగలదు. సాయంకాలపు పడమటి ఎండ మాత్రము సజ్జ క్రింద దూరివచ్చును. దుకాణముల ముఖము పడమటికి ఉండక తప్పనిచో 7 అడుగుల పంచ వేయుడు. ఆ పంచ జనులకు కూర్చుండుటకు పనికివచ్చును, దుకాణదారునకు పరదా ఖర్చు తప్పును.

పంచ ప్రాముఖ్యము ఝరాసంగములో అందరికిని తెలిసినదే. కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయమునకు శివరాత్రి జాతరనాడు కర్ణాటక, మహారాష్ట్రలనుండి కూడ జనము వచ్చును. ఇతర శివాలయములలో పనికిరాదను మొగలిపువ్వు ఇక్కడి పూజలో వాడబడును. ఆ జనమంతయు నడుచునది దుకాణముల పంచలలో, కూర్చుండునది అరుగులపై. అయినను ఆడవారికి మరుగుదొడ్డి చూపగల దుకాణము బజారున ఎన్ని ఉన్నవో మీరే లెక్కింపుడు. బయలువైపు వేరు తలుపుతో రెండు మరుగుదొడ్లు కట్టినచో జాతర దినములలో గాక, ధాన్యపు కొలతల దినములలోను రైతుపడుచులకు ఉపకారము.

దుకాణముల గదులు మూడు చాలును, ఒక్కొక్కటి 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల లోతు. జన ఔషధి కొట్టునకు 120 చదరపు అడుగులు కావలెను గనుక ఈ గది సరిపోవును. మూడింటిలో ఒకటి సంఘ కార్యాలయమునకే ఉంచుడు. కార్యాలయమును మేడమీద పెట్టి క్రిందిది అద్దెకిచ్చిన సంఘములను చూచితిమి. మోకాళ్ల నొప్పిగల ముసలి సభ్యుడు మెట్లు ఎక్కలేక, కొడుకుచేత వ్రేలిముద్ర వేయించుకొని రమ్మని కాగితము పంపును. తగవులు అక్కడ మొదలగును. ముందుభవనపు అరుగు ఎత్తు ఒకటిన్నర అడుగు చాలును. చక్రముల బండి ఎక్కుటకు ఒక అడుగు ఎత్తునకు 12 అడుగుల వాలు కావలెను గనుక, 18 అడుగుల వాలుదారి పంచ వెంబడి పట్టును. గోదాము అరుగు మాత్రము రెండున్నర అడుగులకు తగ్గరాదు. ట్రాలీ పలకకు అది ఇంచుమించు సమానముగా వచ్చి హమాలీల నడుము నిలుచును.

మీద మీటింగు హాలు. మూడు గదుల నడిమి గోడలను మీద లేపకుండ విడిచినచో 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల హాలు దానంతట వచ్చును. దూలముల ఖర్చు పెరుగదు. దీనికి వ్యతిరేకముగా, క్రింద పెద్ద హాలు పెట్టి మీద చిన్న గదులు కట్టినచో ప్రతి గోడ క్రింద ఒక దూలము కావలెను. మేడమెట్లు రోడ్డువైపునుండి వేరుగా ఉండవలెను. దుకాణము మూసినను హాలు తెరచుకొనవలెను.

పునాది సంగతి మన మండలములో ఊరికొక తీరు, ఒక్కొక్కచోట చేనికొక తీరు. ఎర్ర నేలపై మొరము తగిలినచో భాగ్యమే. నల్లరేగడి వానకు ఉబ్బును, వేసవిలో చేయి పట్టునంత నెర్రెలిచ్చును. దానిపై నిలిచిన గోడ ఏటేట ఊపిరి పీల్చి విడుచును. కట్టకముందు జాగాలో రెండుచోట్ల గుంత త్రవ్వి చూడుడు. రేగడి రెండు మూడడుగులే యున్నచో మొరమువరకు పోవుడు. లోతుగా నున్నచో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ప్రచారములోనికి తెచ్చిన ఉబ్బు గుంజల పునాదిని ఇంజనీరును అడుగుడు. మూడున్నర మీటర్ల లోతున, ఉబ్బుట తగ్గిన నేలలో, గుంజ అడుగు దాని వెడల్పునకు రెండున్నర రెట్ల ఉల్లిగడ్డవలె విచ్చుకొని పట్టుకొనును. త్రవ్విన రేగడిని గచ్చు క్రింద తిరిగి నింపుట మేస్త్రీలకు అలవాటు. దానిని ఎన్నడును ఒప్పుకొనవద్దు. మొరము పోసి తడిపి దిమ్మెసతో కొట్టవలెను.

గోడలకు మన ఎర్ర రాయి ఉండగా దూరమునుండి ఇటుక తెచ్చుట మాకు వింతగా తోచును. ఈ రాయి గనిలో మెత్తగా నుండి గొడ్డలికి తెగును. గాలి తగిలిన కొలది గట్టిపడును. 1807లో ఫ్రాన్సిసు బుకానను మలబారు రాయిని చూచి దీనికి లాటరైటు అను పేరు పెట్టెను. లాటిను భాషలో ఆ మాటకు మూలము ఇటుకయే. బీదరు కోట ఆ రాతిమీదనే, ఆ రాతితోనే లేచినది. నేలకు తాండూరు బండలు దగ్గర. కప్పు నీటిని పోనీయకుడు: 100 చదరపు మీటర్ల కప్పుపై ఒక్క సెంటీమీటరు వాన పడినను 1,000 లీటర్లు.

ఇక డబ్బు. 2020లో ఆరంభమైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి క్రింద 2 కోట్లవరకు అప్పుపై 7 ఏండ్లు నూటికి 3 చొప్పున వడ్డీ రాయితీ ఏర్పరచిరి. గడువును జిల్లా బ్యాంకులో విచారించి గాని తీర్మానము వ్రాయకుడు. అది గోదాము వంటి పంట పిదప పనులకు ఉద్దేశింపబడినది, అద్దె కొట్లకు కాదు. 2024 ఫిబ్రవరిలో దేశమంతట ప్రారంభమైన 11 సంఘముల ధాన్యపు గోదాములలో మన రాష్ట్రమునుండి గంభీరావుపేట సంఘమునది 500 టన్నులది. మనకు అంత పెద్దది అక్కరలేదు. దుకాణములను సొంత నిధితో తరువాత కట్టవచ్చును. గోదాము ముందు కట్టవలెను. చాల సంఘములు దీనిని తలక్రిందులు చేయుచున్నవి, ఏలయన దుకాణము రోడ్డుమీద కనబడును.

ఊహకు ఒక లెక్క. ముందుభవనమునకు 12 లక్షలు నూటికి 9 వడ్డీకి తెచ్చితిరనుకొందము. ఏటికి వడ్డీయే 1,08,000 రూపాయలు. రెండు కొట్లు నెలకు మూడేసివేలకు పోయినవి. గదులు ఖాళీ పడుట తప్పదు గనుక పది నెలలకే లెక్కింపవలెను, అనగా 60,000. తక్కిన 48,000 ఎవరు కట్టుదురు? సభ్యులే. ఈ లెక్క చెప్పినప్పుడెల్ల ఒకరు లేచి "కంపెనీలు వస్తున్నయి సారూ, కిరాయిలు మూడింతలైతయి" అందురు. ఝరాసంగము, న్యాలకల్లు మండలములలో 12,635 ఎకరములపై పారిశ్రామిక మండలిని తలపెట్టి 2016లో కేంద్రము ఆమోదించినది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము మంజూరుచేసిన 12 పారిశ్రామిక నగరములలో జహీరాబాదు ఒకటి, 3,245 ఎకరములు. 2016నకును 2024నకును నడుమ ఎనిమిది ఏండ్లు గడచినవి. అప్పు వాయిదా ఆరు నెలలకొకసారి వచ్చును. భూమి పోయిన సొమ్ముతో కొట్లు కట్టి అద్దెదారుకై ఎదురుచూచుచున్నవారు మన ఎరుకలోనే లేరా? కంపెనీ వచ్చిననాడు మేడమీద మరొక అంతస్తు వేయుటకు తగిన పునాది మాత్రము ఇప్పుడే అడుగుడు; అది తెలివి.

మొన్న ఒక గ్రామములో పటము ఖాయమగుటకు ముందు మేము ఒక పని చేయించితిమి. జాగాను చదునుచేసి, సున్నముతో గోడలన్నిటిని అసలు కొలతలలో నేలమీద గీయించితిమి. ఒక రైతు ట్రాక్టరును ట్రాలీతో తెచ్చి బయలులో త్రిప్పెను. రెండవ మలుపులో ట్రాలీ చక్రము గోదాము మూలను తొక్కినది. ఆ గీతను తుడిచి నాలుగడుగులు వెనుకకు జరిపితిమి. తరువాత ఒక సభ్యురాలు నెత్తిన గంపతో పంచలోనికి నడచి, కార్యాలయములోనికి పోయి, బయలులోనికి వచ్చి నిలిచినది. "ఇగో, మందుల ఇంటి తలుపు ఇటు తెరిస్తే పిల్లలు దొడ్డికి పొయ్యే తొవ్వల పడతది" అన్నది. అది పటములో మాకును కనబడలేదు, ఇంజనీరునకును కనబడలేదు. తలుపును తూర్పు గోడకు మార్చితిమి. ఆ సున్నపు గీతలమీదుగానే మరునాడు పునాది త్రవ్వుట ఆరంభమైనది.